రెండు ఆదివారాల చాటింపు

మేవిస్ గాడ్సాల్‌కి కూర్చోవడం చేతకాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు విథ్‌బరీ ఊళ్ళో సైకిల్ మీద ఉత్తరాలు పంచిన కాళ్ళవి. ఉద్యోగ విరమణ కాగితం మీద సంతకం పెట్టింది మేవిస్ గాని, ఆ కాళ్ళు పెట్టలేదు. రోజూ పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చేది. లేచి ఇల్లంతా రెండుసార్లు ఊడ్చేది, ఊడ్చిందే ఊడ్చేది, చివరికి ఏ పనీ లేకపోయినా కోటు వేసుకుని బయటికి నడిచేది. అలాంటి మనిషి ఈ శరత్కాలంలో వరసగా రెండు మంగళవారాలు బస్సెక్కి హెరెఫర్డ్ పట్నం వెళ్ళి, పాత కాగితాలు దాచే కౌంటీ రికార్డు ఆఫీసులో నాలుగింటిదాకా కుర్చీలో కూర్చుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

వాళ్ళు నమ్మకపోవడమూ న్యాయమే, ఎందుకంటే ఆమె కూర్చునేది తక్కువ. పేజీకోసారి లేచి కిటికీదాకా వెళ్ళి వచ్చేది. కూర్చున్న కాసేపూ పెన్సిల్‌తో బల్ల మీద టకటకలాడించేది.

"గాడ్సాల్ గారూ, ఆ చప్పుడు కాస్త ఆపుతారా? అవతల ఒకాయన వీలునామా చదువుకుంటున్నారు," అంది రికార్డులు తెచ్చిచ్చే మిస్ హార్బిన్. ముప్ఫై ఏళ్ళ పిల్ల, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరే.

"చచ్చినవాడి వీలునామాకి తొందరేముంది తల్లీ?"

"మీరు చూసేదీ చచ్చినవాళ్ళనే కదండీ. మీకేం తొందర?"

"మా నాన్న ఇంకా బతికే ఉన్నాడమ్మాయ్. అదీ తొందర."

ఆమె తండ్రి వాల్టర్‌కి కిందటి నెలే ఎనభై తొమ్మిది నిండాయి. వృద్ధుల ఆశ్రమంలో, తోటవైపు గదిలో ఉంటున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ చలికాలం దాటడం కష్టమేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మేవిస్ ఎవరు అడిగినా వంశవృక్షం రాస్తున్నానని చెప్పేది. అది పైకి చెప్పే మాట. వంశవృక్షాల పిచ్చి ఉన్నవాళ్ళు రాజుల కాలందాకా పోతారు, ఈమె వాల్టర్ పుట్టిన 1897 దగ్గరే ఆగిపోయింది. ఆమెకి కావలసింది ఒక్కటే. ఏ తప్పు కోసం తను పెళ్లి మానుకుందో, ఆ తప్పు ఎక్కడైనా రాసి ఉందా? దాన్ని ఒక్కసారి తన కళ్ళతో చూడాలి.

ఆ తప్పు కథ ఊరందరికీ తెలిసిందే. వాల్టర్ తల్లి కీజియా గాడ్సాల్‌కి పెళ్లి కాలేదు. కొడుకుని కని రెండు వారాలకే పోయింది. అమ్మమ్మా తాతా పెంచారు. తండ్రెవరని అడిగితే అమ్మమ్మ "ముందు రొట్టె తిను" అనేది, అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ నోరు మెదిపేవాళ్ళు కాదు. కానీ వాళ్ళు చెప్పనిది వాడి పేరే చెప్పేది. బాప్తిస్మంలో వాడికి పెట్టిన పేరు వాల్టర్ ఆపర్లీ గాడ్సాల్. ఆపర్లీలంటే బీరులో వేసే హాప్స్ పండే ఊరి తోటల్లో సగం వాళ్ళవే, చర్చిలో మొదటి బల్ల వాళ్ళదే. తండ్రి లేని బిడ్డకి నడిమి పేరుగా ఇంకెవరిదో ఇంటిపేరు తగిలించారంటే అర్థం ఏమిటో ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లలకీ తెలుసు. మొహం చాటేసిన మగవాణ్ణి తల్లి పాదిరి ముందు, అందరూ వింటుండగా, ఆ విధంగా పట్టిచ్చేది.

బడిలో పిల్లలు ఊరుకుంటారా? "ఒరేయ్ ఆపర్లీ, మీ నాన్న గుర్రమెక్కి పోతున్నాడు, దిగి ముద్దు పెట్టుకోడేంరా?" అని వెంటపడేవాళ్ళు. దానికి తోడు ప్రతి క్రిస్మస్‌కీ పెద్దాయన జోసయా ఆపర్లీ నుంచి ఒక జత బూట్లు వచ్చేవి. కొత్త తోలు బూట్లు. అమ్మమ్మ వాటిని బల్ల మీద పెట్టి అవతలికి వెళ్ళిపోయేది. పదో ఏట వాల్టర్ ఆ బూట్లు తీసుకెళ్ళి మిల్లు చెరువులో పారేసి, పాతవాటితోనే బడికి పోయాడు. ఆ తర్వాత జీవితంలో ఆపర్లీల పొలంలో కాలు పెట్టలేదు. పక్కనే పని ఉన్నా నాలుగు మైళ్ళు నడిచి ఇంకో ఊళ్ళో చేశాడు. ఎదురుపడితే టోపీ తీసేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆ టోపీ విషయంలో వాల్టర్‌కి కాస్త సరదా కూడా ఉండేది.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన జోసయా మనవడు క్లెమెంట్ ఆపర్లీని ప్రేమించింది. అది 1946. హాప్స్ కోతల్లో మొదలై, ఆపిల్స్ రాలే వేళకి పెళ్లి మాటదాకా వచ్చింది. తల్లి లేని పిల్ల కాబట్టి తనే తండ్రితో చెప్పుకుంది.

"వాడు నీకేమవుతాడో తెలుసా?" అన్నాడు వాల్టర్.

"తెలుసు నాన్నా, అన్నదమ్ముల బిడ్డలం. అయినా చట్టం ఒప్పుకుంటుంది."

"చట్టం ఒప్పుకుంటే చట్టాన్నే పెళ్లి చేసుకో. నేనొప్పుకోను. మా అమ్మకి ఇవ్వని పేరు నీకు అరువిస్తారా వాళ్ళు? ఆ గుమ్మం నువ్వు తొక్కావంటే నాకు కూతురు లేదు."

మేవిస్‌కి అప్పుడు ఇరవై మూడేళ్ళు. కంచె దగ్గర నిలబడి క్లెమెంట్‌తో వద్దని చెప్పింది. ఎందుకో చెప్పలేదు, చెబితే తండ్రి పరువు మళ్ళీ వీధిన పడుతుందని. రెండేళ్ళకి అతను వేరే అమ్మాయిని చేసుకున్నాడు. ఇంకో నాలుగేళ్ళకి మేవిస్‌కి తపాలా ఉద్యోగం వచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంటి ఉత్తరాలు, పెళ్లి పిలుపులు, పిల్లల పుట్టినరోజు కార్డులు, తను రిటైరయ్యాక, కిందటేడు కాక మొన్నటేడు, ఆ భార్య పోయినప్పుడు వచ్చినవి తప్ప మిగతావన్నీ ఆ గుమ్మంలో ఇచ్చింది ఈమే. గుమ్మం లోపల మాత్రం అడుగు పెట్టలేదు.

విథ్‌బరీ చర్చి పాత పుస్తకాలు కిందటేడే పెట్టెతో సహా రికార్డు ఆఫీసుకి చేరాయి. మొదటి మంగళవారమే బాప్తిస్మం రిజిస్టరులో ఆ వరస దొరికింది. అక్టోబరు 1897. వాల్టర్ ఆపర్లీ. తల్లి కీజియా గాడ్సాల్. 'తండ్రి వృత్తి' అని అచ్చువేసిన గడిలో, అదే ఆవిడ చేసే పని అన్నట్టు, 'పెళ్లి కాని స్త్రీ' అని రాసి ఉంది.

మిస్ హార్బిన్ తొంగిచూసింది. "దొరికాడుగా మీ తాతగారు! నడిమి పేరే ఆధారం. పదింట తొమ్మిదిసార్లు ఇంతే. చాలామంది ఏళ్ళ తరబడి వెతుకుతారు, మీకు గంటలో తేలిపోయింది."

తేలిపోయింది, ఇంక ఇంటికి పోవచ్చు. కానీ మేవిస్ మనసు కుదుటపడలేదు. రెండింటి బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది, ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు కదా, పేజీలు తిప్పింది. మార్చి 1896లో రోడా ఆపర్లీ, తల్లి పెళ్లి కాని స్త్రీ. జూన్ 1898లో జాబ్ ఆపర్లీ. ఆ తల్లికీ పెళ్లి కాలేదు. వాల్టర్‌తో కలిపి ముగ్గురు బిడ్డలు, ముగ్గురు వేరు వేరు తల్లులు.

మేవిస్‌కి ఒళ్ళు మండిపోయింది. "చూశావా అమ్మాయ్, ముసలాడు ఊరంతా విత్తనాలు చల్లుకుంటూ పోయాడు. మొదటి బల్ల మీద కూర్చుని ప్రార్థనలొకటి!"

"మెల్లగా అండీ," అంది మిస్ హార్బిన్, కానీ ఆమె కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఇంకో పేజీ. మే 1899లో హెన్రీ బేలిస్, తల్లి పెళ్లి కాని స్త్రీ. 1900లో ఆన్ బేలిస్, అదే సంగతి. బేలిస్ అంటే అప్పట్లో ఊరి మిల్లు యజమాని. 1901 నుంచి తండ్రి లేని పిల్లలు ఉన్నారు గాని ఎవరికీ నడిమి పేరు లేదు.

"1899 వచ్చేసరికి ఆపర్లీ మానేశాడు, బేలిస్ మొదలెట్టాడు. వంతులు వేసుకున్నారంటావా?" అంది మేవిస్. వెటకారంగానే అంది. కానీ ఆ మాట తన చెవినే పడ్డాక పేజీలు మళ్ళీ మొదటికి తిప్పింది. రెండింటి బస్సు పోయింది, నాలుగింటి బస్సు కూడా పోయేది, మిస్ హార్బిన్ కోటు తెచ్చి చేతిలో పెట్టబట్టి కదిలింది.

ఆ వారం ఆమెకి అన్నం సయించలేదు. ఆశ్రమానికి వెళ్ళి తండ్రి పక్కన నిలబడి, ఏమీ చెప్పకుండానే వచ్చేసింది. మళ్ళీ మంగళవారం ఆఫీసు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంది.

"వంతులు వేసుకునే పని చర్చిలో ఏముంటుందమ్మాయ్?"

మిస్ హార్బిన్ లోపలికి వెళ్ళి, చర్చి పెద్దల మీటింగుల పుస్తకం తెచ్చింది. చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్లుగా ఎవరెవరు ఎన్నికయ్యారో ఈస్టర్ ఈస్టర్‌కీ రాసి ఉంది. 1895 నుంచి 1898 దాకా జోసయా ఆపర్లీ. 1899 నుంచి బేలిస్. 1895 ఈస్టర్ నాటి పేజీ కింద, కొత్తగా వచ్చిన పాదిరి చేతిరాతతో ఒక తీర్మానం ఉంది. తండ్రి పేరు రిజిస్టరులో రాయడానికి వీల్లేని బిడ్డలకి ఆ ఏటి వార్డెన్ బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడాలి. ఏ బిడ్డా అండ లేకుండా లోకంలోకి పోకూడదు గనక అతని ఇంటిపేరు బిడ్డకి నడిమి పేరుగా పెట్టాలి. పద్నాలుగో ఏడు వచ్చేదాకా ఏటా క్రిస్మస్‌కి ఒక జత బూట్లు ఇవ్వాలి.

1901లో ఆ పాదిరి పోయాడు. తర్వాత వచ్చినాయన దాన్ని కొట్టేశాడు. మంచికే పెట్టిన పేరు, ఆ మంచి ఎవరికీ గుర్తు లేకుండా, పిల్లల నోట్లో తిట్టుగా మిగిలిపోయింది.

మేవిస్ ఆ పేజీ మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. ఆపర్లీ నాన్నకి తండ్రి కాడు. క్లెమ్ నాకు ఏమీ కాడు. నలభై ఏళ్ళు. ఆమె లేచి వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. మళ్ళీ లోపలికి వచ్చింది.

"మరి ఎవరు?" అంది.

"ఏమోనండీ. తండ్రి పేరు రాయడానికి వీల్లేదన్నారు గాని తెలియదనలేదుగా," అంది మిస్ హార్బిన్. పెళ్లి కుదిరి ఆగిపోయిందేమోనని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆ అమ్మాయి పరుగులాంటి నడకతో వెళ్ళి పెళ్లి చాటింపుల పుస్తకం తెచ్చింది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని అడిగేది ఆ పుస్తకంలోంచే.

ఏప్రిల్ 25, 1897. ఈనక్ ప్రీస్, పెళ్లికాని యువకుడు, కీజియా గాడ్సాల్, పెళ్లికాని యువతి, ఇద్దరూ ఈ ఊరివారే. మొదటిసారి చదివారు. మే 2, రెండోసారి చదివారు. మూడోసారి గడి ఖాళీగా ఉంది.

సమాధుల రిజిస్టరు మేవిస్సే తీసింది. మే 8, శనివారం. ఈనక్ ప్రీస్, ఇరవై మూడేళ్ళు, బండి తోలేవాడు. పక్కన పాదిరి చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: కలప బండి బోల్తాపడి. ఆదివారం మూడో చాటింపు ఉండవలసింది.

"కోర్టులో అయితే ఇది రుజువు కిందికి రాదండీ," అంది మిస్ హార్బిన్ కళ్ళజోడు తుడుచుకుంటూ. "కానీ ఇంతకంటే దగ్గరగా ఏ కాగితమూ మిమ్మల్ని తీసుకెళ్ళదు."

మేవిస్ నాలుగు వరసలూ పెన్సిల్‌తో ఎత్తి రాసుకుంది. తిన్నగా తండ్రి దగ్గరికి పోవలసింది. బస్సు దిగాక కాళ్ళు ఆపర్లీల ఫారం వైపు తిరిగాయి.

క్లెమెంట్ పెరట్లో కోళ్ళకి గింజలు వేస్తున్నాడు. అరవై అయిదేళ్ళవాడు, నడుము కొంచెం వంగింది. "మేవిస్! ఉత్తరాలు పంచడం మళ్ళీ మొదలెట్టావా ఏం?"

"ఇవాళ ఒక్కటే ఉంది. అదీ నలభై ఏళ్ళు ఆలస్యంగా." ఆయాసపడుతూనే చెప్పింది. వార్డెన్ సంగతి, నడిమి పేర్లు, బూట్లు. 1946లో ఎందుకు వద్దందో కూడా చెప్పింది.

క్లెమెంట్ ఆశ్చర్యపోలేదు. గింజల గిన్నె కింద పెట్టాడు. "ఇదంతా నాకు తెలుసు మేవిస్."

"ఏమిటీ?"

"మా తాతే చెప్పాడు, ముగ్గురికి బూట్లు మోసేవాణ్ణని. అందులో ఒకడు చెరువులో పారేశాడని నవ్వేవాడు కూడా. నువ్వు వద్దన్న రోజు రాత్రంతా ఆలోచించి, కారణం ఇదే అయ్యుంటుందనుకున్నా. మర్నాడు పొద్దున్నే మీ నాన్న దగ్గరికి వచ్చా. గుమ్మంలోనే నిలబెట్టాడు. అంతా చెప్పా. 'సరే, మేవిస్‌కి చెప్తా, ఆపైన దాని ఇష్టం' అన్నాడు."

"నాన్న నాతో ఏమీ అనలేదు క్లెమ్."

"వారం రోజులు చూశా. చర్చి దగ్గర కనపడితే మొహం తిప్పుకుని పోయావు. విని కూడా వద్దనుకున్నావేమో అనుకున్నా." "మళ్ళీ అడగాల్సింది. నాకూ పొగరే."

కోళ్ళు ఇద్దరి కాళ్ళ మధ్యా తిరుగుతున్నాయి. "లోపలికి రా. టీ తాగి వెళ్దువుగాని," అన్నాడు.

"ఇప్పుడు కాదు. ఇప్పుడొస్తే నీ పింగాణీ కప్పు ఒక్కటీ పగలకుండా మిగలదు," అని మేవిస్ గేటు దాటింది.

ఆశ్రమం రెండు మైళ్ళు. దారి పొడుగునా ఆమె ఒకటే నిశ్చయించుకుంది. ఈనక్ ప్రీస్ సంగతి చెప్పదు. తండ్రెవరో తెలియకుండానే పోనీ. తన దగ్గర దాచినవాడికి తనెందుకు చెప్పాలి? పళ్ళు కొరుకుతూ నడిచింది.

వాల్టర్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. "మొహం అలా ఉందేంటే పిల్లా? కుక్క తరిమిందా?"

"నేను వద్దన్న మర్నాడు క్లెమెంట్ నీ దగ్గరికి వచ్చాడా?"

ముసలాయన చాలాసేపు దగ్గాడు. మేవిస్ కిటికీదాకా వెళ్ళి వచ్చింది.

"వచ్చాడు," అన్నాడు చివరికి.

"నాకు చెప్తానన్నావట."

"అన్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆపర్లీ వాడి మాట ఎవడు నమ్ముతాడు? వాళ్ళ పేరు కాపాడుకోడానికి ఏమైనా చెప్తారు." కూతురు కళ్ళలోకి చూడలేక దుప్పటి అంచు నలిపాడు. "కాదు. నమ్మాను. వాడు చెప్తుంటేనే నమ్మాను. నమ్మితే నాకేం మిగుల్తుంది మేవిస్? అప్పటికే నలభై తొమ్మిదేళ్ళు ఆ ముసలాణ్ణి తిట్టుకుంటూ బతికా. వాడు కాడంటే నాకు తిట్టుకోడానికైనా తండ్రి లేడు."

"నీకు తండ్రి కావాలని నాకు మొగుణ్ణి లేకుండా చేశావు."

"చేశాను."

ఆ ఒక్క మాటా సాకు లేకుండా చెప్పాడు. మేవిస్‌కి అరవాలని ఉంది, తలుపు విసిరికొట్టి పోవాలని ఉంది. పోదామని సంచి అందుకుంది. సంచిలో కాగితం ఉంది. కోపం ఇసుమంత కూడా తగ్గలేదు, కానీ ఆ నాలుగు వరసలూ తనవి కావు, ఆయనవి. తీసి చదివింది. ఏప్రిల్ ఇరవై ఐదు, మే రెండు, మే ఎనిమిది.

"మళ్ళీ చదువు," అన్నాడు వాల్టర్.

చదివింది.

"రెండుసార్లూ అందరి ముందూ చదివారా? ఎవరూ అడ్డం చెప్పలేదా?"

"చెప్పలేదు. చెప్పుంటే పాదిరి రాసేవాడు. ఆ ఏడే ఇద్దరూ పోయాక మీ అమ్మమ్మా, ఊరూ ఆ పేరెత్తలేదు, అంతే."

"అయితే వదిలేసి పోలేదన్నమాట."

"పోలేదు నాన్నా. నువ్వు పుడతావని తెలిసే పేరు ఇచ్చాడు. శనివారం పూడ్చారు. మర్నాడే మూడో ఆదివారం."

వాల్టర్ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. మేవిస్ కూడా తుడవలేదు. "ఈనక్," అన్నాడు, ఆ పేరు నోటికి ఎలా ఉందో చూసుకుంటున్నట్టు. "ఇరవై మూడేళ్ళ కుర్రాడు. నాకంటే ఎంత చిన్నవాడు!" మళ్ళీ అన్నాడు, "ఆ ఒక్క ఆదివారం దాకా ఉండుంటే నేను వాల్టర్ ప్రీస్‌ని."

"అవును."

"నువ్వు క్లెమెంట్ ఇంట్లో ఉండేదానివి."

"ఈనక్ పోయినా ఉండేదాన్ని నాన్నా. నువ్వు ఆ రోజు చెప్పుంటే చాలు."

వాల్టర్ తల ఊపాడు. దుప్పటి మీద ఆయన చెయ్యి ఆమె చెయ్యి కోసం తడుముకుంది. ఆమె చెయ్యి ఇచ్చింది గాని, ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.